ఆక్సిజన్ చాలలేదు

నవంబర్ 4

ఈ రోజు టెలిస్కోప్‌ను పంచుకున్నాం.

విడాకుల మధ్యవర్తి ఆఫీసులో రెండు సోఫాలు, ఒక వాడిపోయిన మొక్క, చప్పటి కాఫీ. ఆవిడ మా సామాన్లన్నీ ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది. ఇల్లు నాకు, కారు వౌటర్‌కు, సైకిళ్ళు ఎవరివి వాళ్ళకు. టెలిస్కోప్ దగ్గరికి వచ్చేసరికి ఆగింది. గొట్టం నా జీతంతో కొన్నది, కాబట్టి నాది. దాన్ని ఆకాశంతో పాటు మెల్లగా తిప్పే మోటారు స్టాండు వౌటర్ యాభయ్యో పుట్టినరోజుకు వాళ్ళ అన్నదమ్ములు కొనిచ్చింది, కాబట్టి అతనిది.

"మరి ఒకటి లేకుండా రెండోది పనిచేస్తుందా?" అని అడిగింది ఆవిడ.

"చెయ్యదండీ," అన్నాను.

"పోనీ ఎవరో ఒకరు రెండూ తీసుకుని..."

"వద్దు," అన్నాం ఇద్దరం ఒక్కసారే. ఈ మధ్యకాలంలో మేం ఒకే మాట మీద నిలబడింది అప్పుడే.

చివరికి వౌటరే ఒక దారి చెప్పాడు. జెల్లీఫిష్ పూర్తయ్యేదాకా ఆకాశం తేటగా ఉన్న రోజున తను స్టాండు తెచ్చి పెడతాడట. అది అయ్యాక ఎవరిది వాళ్ళం తీసుకోవాలట. ఆవిడ జెల్లీఫిష్ అంటే ఏమిటని అడగలేదు. ఇంట్లో చేపలు పెంచుతున్నాం అనుకుని ఉంటుంది.

స్టాండు మన షెడ్డులోనే వదిలెయ్యి, ప్రతిసారీ మొయ్యడమెందుకు అన్నాను. చెమ్మ అన్నాడు. పదేళ్ళు ఆ షెడ్డులోనే ఉంది. అప్పుడు లేని చెమ్మ ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందో. ఈ మాట పైకి అనలేదు. ఎందుకనాలి?

నవంబర్ 5

నేనేమీ ఆశ పెట్టుకోవడం లేదు. తర్వాత మాట మార్చకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. ఆగస్టులో వెళ్ళిపోయిన మనిషి చలి వేస్తోందని వెనక్కి రాడు. నాకు కావలసింది ఆక్సిజన్. అంతే.

నవంబర్ 9

మబ్బు.

నవంబర్ 10

మబ్బు. వాన. పడమటి గాలి.

నవంబర్ 13

ట్రూస్ బీపీ మాత్రల కోసం మా మందుల షాపుకు వచ్చింది. ఉండేది మా పక్కింట్లోనే. అడగాలనుకుంటే కంచె మీదుగా అడగొచ్చు. కానీ పదిమంది వరసలో నిలబడి ఉన్నప్పుడు అడిగితేనే ఆవిడకు తృప్తి.

"ఏమ్మా ఫెన్నా, మీ ఆయన కారు కనబడటం లేదు?"

"డెల్ఫ్ట్‌లో ఉంటున్నాడండీ."

"తెలుసులే. పాటల బృందంలో ఇలోనా అట కదా, ఆవిడతో."

"తెలిసి మళ్ళీ అడగడం దేనికి?"

"నువ్వు నోరు తెరిచి చెప్తావేమోనని. లోపల పెట్టుకుంటే ఇదిగో, ఇవి మింగాల్సొస్తుంది." మాత్రల డబ్బా గలగలలాడించింది. "అది సరే, ఆ బొమ్మ ఏమైంది? మూడేళ్ళ నుంచి తీస్తున్నారు ఇద్దరూ. కడుపులో బిడ్డ కూడా అన్నాళ్ళుండదు."

"హైడ్రోజన్ అయింది, సల్ఫర్ అయింది. ఆక్సిజన్ మిగిలింది."

"అవేం మందులే?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మండినప్పుడే నేను బాగా పాఠం చెప్తాను. "ఎప్పుడో పేలిపోయిన నక్షత్రం తాలూకు పొగ అండీ అది. చూడటానికి జెల్లీఫిష్‌లా ఉంటుందని ఆ పేరు. అందులో మూడు వాయువులు వెలుగుతుంటాయి. మా దగ్గర మూడు ఫిల్టర్లున్నాయి. ఒక్కో ఫిల్టరూ ఒక్క వాయువు వెలుగునే లోపలికి రానిస్తుంది. మీ మనవడి టమాటా గ్రీన్‌హౌస్ దీపాలున్నాయే, రాత్రంతా ఆకాశాన్ని నారింజపండు చేసి పెడతాయే, వాటిని గుమ్మంలోనే ఆపేస్తుంది. అలా మూడు నలుపూ తెలుపూ ఫోటోలు. వాటికి ఎరుపూ, ఆకుపచ్చా, నీలం ఇచ్చి కలిపితే బొమ్మ."

"అంటే ఆ రంగులు మీరు పూసినవేనా?"

"మేం పూసినవే."

"అయితే అబద్ధమేగా!"

"వెలుగు నిజమేనండీ. రంగు మాత్రమే మనం పెట్టుకున్నది."

"మరి ఆ ఆక్సిజన్‌కి ఏమొచ్చింది?"

"అది మరీ పలచన. చందమామ ఉన్నా చెడిపోతుంది. మబ్బూ చందమామా రెండూ లేని రోజు కావాలి."

"మన దేశంలోనా!" అని చేతులెత్తేసింది ట్రూస్. తర్వాత గొంతు తగ్గించి, "దానికి మీ ఆయన వస్తాడా?" అంది.

"స్టాండు అతనిదండీ."

"ఊఁ. స్టాండు," అని తలాడిస్తూ వెళ్ళిపోయింది. ఆ తలాడించడం నాకు నచ్చలేదు.

నవంబర్ 19

తేటగా ఉంది. పొద్దున్నే వాతావరణం మ్యాపు మీద ఉత్తర సముద్రం నుంచి మా దాకా ఒక్క మబ్బు తునక లేదు. షాపులో రెండుసార్లు తప్పు డబ్బా తీశాను. మధ్యాహ్నం ఫోన్ చేశాను. "వస్తున్నా," అన్నాడు. అంతే. ఆ మాట ఇన్నేళ్ళూ ఎలా అనేవాడో అలాగే.

వచ్చాడు. కొత్త టోపీ. ఎవరు అల్లారో అడగలేదు. స్టాండు దింపి, ధ్రువ నక్షత్రానికి సరిపెట్టి, నా చేతిలోంచి గొట్టం అందుకుని బిగించాడు. ఇద్దరి చేతులకూ ఆ పని నోటితో చెప్పక్కర్లేకుండా వచ్చు. ఒక్కో ఫోటోకు పది నిమిషాలు షట్టరు తెరిచే ఉంటుంది, ఆ పది నిమిషాలూ మనకు పనేమీ ఉండదు. మడతకుర్చీల్లో కూర్చున్నాం.

"అమ్మ ఎలా ఉంది?" అన్నాడు.

"నీ మీద కోపంగా ఉంది."

"ఊఁ."

"నా మీద కూడా. నేనే సరిగ్గా చూసుకోలేదంటుంది."

"మీ అమ్మకు నచ్చినవాళ్ళెవరే ఈ భూమ్మీద?"

నవ్వొచ్చింది. నవ్వకూడదనుకున్నాను, వచ్చేసింది. వీథిలోనో, మధ్యవర్తి ఆఫీసులోనో ఎదురుపడితే మేం మాటలు వెతుక్కుంటాం. ఈ తోటలో ఆ మోటారు సన్నగా గురగురమంటుంటే ఏ ఇబ్బందీ లేదు. అతను వెళ్ళాక రెండో కుర్చీ మడవడం మర్చిపోయాను. మంచు పట్టింది.

నవంబర్ 20

పొద్దున్న కాఫీతో కూర్చుని రాత్రి ఫోటోలన్నీ ఒక్కొక్కటీ చూశాను. చూడటం అంటే, నక్షత్రాలు గుండ్రంగా ఉంటే ఉంచుకోవాలి. స్టాండు తడబడితే అవి కోడిగుడ్డులా సాగుతాయి. సాగినవి 'చెత్త' అన్న ఫోల్డర్లో పడెయ్యాలి. పోయిన ఏడాది దాకా ఈ పని వౌటర్‌ది. ఇప్పుడు కంప్యూటర్ నా దగ్గరుంది కాబట్టి నాది.

సగం తీసేశాను. దాదాపు గుండ్రంగానే ఉన్నాయి. కానీ దాదాపు అంటే చాలదు. ఈ పనిలో మొహమాటం పనికిరాదు.

నవంబర్ 27

క్లబ్బు సెక్రటరీ కీస్ ఫోన్ చేశాడు. ఆ క్లబ్బులో మా ఇద్దరి పేర్లూ ఒక్క ముక్కగా పలుకుతారు, వౌటర్‌ఫెన్నా అని.

"ఏంటమ్మా, ఇద్దరూ మీటింగులకు రావడం మానేశారు? మా మీద అలిగారా?"

"వౌటర్‌కి వీపు నొప్పి, కీస్."

"అయ్యో. ఆ స్టాండు మోసీ మోసీ అయ్యుంటుంది."

"అవును. అదే."

"వసంతం ప్రదర్శనకి జెల్లీఫిష్ ఇస్తారా? గోడ మీద మధ్యలో చోటు అట్టే పెట్టాను."

"ఆక్సిజన్ ఇంకా చాలలేదు."

పచ్చి అబద్ధం కాదు, వీపు నొప్పి ఎప్పుడో ఒకప్పుడు ఉండే ఉంటుంది.

డిసెంబర్ 5

ఈ రోజు కానుకల పండగ. ఎవరి పేరులోని మొదటి అక్షరం వాళ్ళకు చాక్లెట్‌తో చేసింది ఇస్తాం. షాపు నుంచి వస్తూ బజార్లో వౌటర్ అక్షరం కొనేశాను. ఇంటికొచ్చి సంచి విప్పితేగానీ ఏం చేశానో తెలియలేదు. నాది కొనుక్కోలేదు.

తేటగా ఉన్న రోజు వస్తే ఇస్తాను. పారెయ్యడం ఎందుకు, తినే వస్తువు.

డిసెంబర్ 11

మబ్బు. చాక్లెట్ అక్షరానికి ఒక కాలు తినేశాను.

డిసెంబర్ 18

వచ్చాడు. చేతిలో ఫ్లాస్కు.

"ఏంటది?"

"బఠానీ సూపు. ఇలోనా పంపింది. బయట కూర్చుంటారు, చలి కదా అని."

ఒక్క నిమిషం ఆ ఫ్లాస్కు ఎత్తి కాలవలో విసిరేద్దామనిపించింది. నా తోటలో, నా కుర్చీలో, నా జెల్లీఫిష్ కింద కూర్చుని ఆవిడ వండిన సూపు తాగాలా? సిగ్గులేదా ఆవిడకు? నాకైనా ఉండక్కర్లేదా? కానీ వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. తాగాను. రెండు కప్పులు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"ఉప్పు ఎక్కువైంది."

ఎక్కువ కాలేదు. చక్కగా ఉంది, పాడు సూపు.

లెన్సు మీద మంచు పట్టకుండా కట్టే వేడి పట్టీ తీగ తెగితే ఇద్దరం వంగి టార్చి వెలుగులో అతికించాం. అతని టోపీ నా నుదుటికి తగిలింది. కొత్త ఉన్ని వాసన. మనిషి మాత్రం పాత వాసనే.

చాక్లెట్ ఇవ్వలేదు. ఇవ్వడానికి ఏం మిగిలిందని, ఒక్క మూల ముక్క.

డిసెంబర్ 19

రాత్రి ఫోటోల్లో చాలావరకు తీసేశాను. గాలి ఉంది నిన్న. గాలి పెద్దగా లేదనుకో, అయినా ఒక నక్షత్రం అంచు నాకెందుకో అనుమానంగా కనబడింది. ఒక్క బొమ్మ కోసం మూడేళ్ళు పనిచేసి, చివర్లో తొందరపడి పాడు చేసుకుంటామా?

జనవరి 1

బాణసంచా పొగ. ఆకాశం లేదు. అమ్మ దగ్గర నూనె పిండివంటలు తిని కడుపు నొప్పి.

జనవరి 17

ఈ చలికాలంలోకెల్లా మంచి సాయంత్రం. కాలవ గడ్డకట్టింది. జెల్లీఫిష్ చీకటిపడగానే ఆకాశంలో బాగా పైకి వచ్చేసింది, ఎవరి పొగగొట్టాలూ అడ్డం లేవు.

ట్రూస్ పిల్లి వచ్చి స్టాండు కాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటుంటే వౌటర్ దాన్ని బతిమాలాడు. "అమ్మా తల్లీ, పది నిమిషాలు ఆగవే, నీకు పుణ్యం ఉంటుంది." అది వినలేదు. ఆ ఫోటో పోయింది. ఇద్దరం నోరు మూసుకుని నవ్వీ నవ్వీ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ నవ్వు ఆగాక అతను నా వైపు చూశాడు. ఏదో అనబోయాడు. అనలేదు. నేను కాఫీ పెడతానని లోపలికెళ్ళాను. వంటింట్లో కాసేపు గోడకానుకుని నిలబడ్డాను. అనబోయిన మాట తయారు చేసుకోవడానికి టైమిద్దామని.

తిరిగొచ్చేసరికి తోటలో బల్ల మీదున్న కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. మొహం మీద తెర వెలుగు. కప్పు ఇస్తే రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆక్సిజన్ ఎంతవరకు వచ్చిందే?" అన్నాడు.

"సగం."

"సగమా," అన్నాడు.

ఆ తర్వాత పెద్దగా మాట్లాడలేదు. తొందరగా వెళ్ళిపోలేదు కూడా. స్టాండు కారులో పెట్టాక వచ్చి నా మఫ్లరు సరిచేసి వెళ్ళాడు. మనసు మారుతున్నట్టుంది. ఇలా రాయకూడదు, రాశాను. రేపు కొట్టేస్తాను.

జనవరి 18

కొట్టెయ్యలేదు.

పిల్లి పాడుచేసింది ఒక్కటే. మిగతావి అన్నీ చెత్తలో పడేశాను. అన్నీ అంటే అన్నీ కాదు, రెండు ఉంచాను. ఒక్కటీ ఉంచకపోతే బాగుండదు.

ఫిబ్రవరి 2

చందమామ.

ఫిబ్రవరి 9

పొగమంచు. కాలవ మీంచి లేచి తోటలోకి వస్తోంది. షాపులో అందరికీ దగ్గు.

ఫిబ్రవరి 15

అర్ధగంట తేటగా ఉండి మూసుకుపోయింది. ఫోన్ చేసి, వద్దులే అని మళ్ళీ చేశాను. "సరే," అన్నాడు. వెనక ఎవరో పియానో మీద ఒకే స్వరం మళ్ళీ మళ్ళీ కొడుతున్నారు. అంత ఇల్లు ఉందన్నమాట, పియానో పట్టేంత. అంత ఇంట్లో చెమ్మ లేని మూల ఒకటి ఉండే ఉంటుంది.

ఫిబ్రవరి 16

మబ్బు.

ఫిబ్రవరి 17

మబ్బు. దేవుడనేవాడుంటే వాడికి గ్రీన్‌హౌస్ ఉండి ఉంటుంది.

ఫిబ్రవరి 24

ట్రూస్ కంచె దగ్గర ఆపింది. "ఇంకా చాలలేదా ఆక్సిజన్?"

"ఇంకా లేదండీ."

"మా ఆయన పోయేముందు హాస్పిటల్లో ఆక్సిజన్ పెట్టారు. ఎంత పెట్టినా చాలలేదమ్మా. నేనే చివరికి ఆపెయ్యమన్నాను." అని బట్టలు ఆరేసుకోవడానికి వెళ్ళిపోయింది. మనిషి నోట్లోంచి ఎప్పుడేం వస్తుందో తెలియదు. నాకు రోజంతా చిరాకుగా ఉంది.

మార్చి 15

ఇది సావధానంగా రాయాలి.

వచ్చాడు. చీకటిపడేసరికి జెల్లీఫిష్ అప్పుడే పడమటికి వాలిపోయింది. ట్రూస్ మనవడి గ్రీన్‌హౌస్ పొగగొట్టం వెనక్కి వెళ్ళడానికి ఇంక ఎంతోసేపు లేదు. నెలాఖరుకు అసలే దొరకదు. వచ్చిన నాలుగు ఫోటోలూ తీశాక స్టాండు ఆపాడు. నేను మామూలుగా అన్నాను, "ఈ ఏడాదికి చాలలేదు. వచ్చే చలికాలం మొదట్లోనే మొదలుపెడదాం."

"వద్దు ఫెన్నా. ఇంక చాలు."

"చాలడమేంటి? సగమే వచ్చిందని చెప్పానుగా."

"చెత్త ఫోల్డర్ చూశాను."

నేను గొట్టానికి మూత పెడుతున్నాను. ఆ మూత ఎంతకీ కూర్చోవడం లేదు.

"ఎప్పుడు?"

"జనవరిలో. నువ్వు కాఫీకి లోపలికెళ్ళినప్పుడు."

"అవి బాగాలేవు. నక్షత్రాలు సాగిపోయాయి."

"సాగలేదు. ఆవగింజల్లా ఉన్నాయి."

"ఒక్కసారి చూస్తే ఏం తెలుస్తుంది నీకు? నేను ఒక్కోటీ పెద్దది చేసి..."

"చూడకముందే అనుమానమొచ్చింది నాకు," అన్నాడు. గొంతు మరీ మెల్లగా ఉంది. "పోయిన చలికాలం నేను చేసిందీ అదేగా."

ఆ మాట అప్పుడు నా బుర్రకెక్కలేదు. నాకు అప్పుడు ఒక్కటే వినబడుతోంది. జనవరి. జనవరి నుంచి తెలుసు. తెలిసే వచ్చాడు, తెలిసే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, తెలిసే మఫ్లరు సరిచేశాడు.

"ఇలోనాకు చెప్పావా?"

నేల చూపులు చూశాడు. "చెప్పాను."

"ఏమంది?"

"వెళ్ళనీ, వసంతానికి అది ఎలాగూ అస్తమిస్తుంది అంది."

ఎవరైనా నన్ను కొట్టినా అంత బాధ పడేదాన్ని కాదు. ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఇద్దరూ నా మీద జాలిపడ్డారు. నాకు వాయిదా ఇచ్చారు. "వెళ్ళు," అన్నాను. "నీ స్టాండు తీసుకుని ఈ నిమిషాన వెళ్ళు." తీసుకుని వెళ్ళాడు. బరువుకు వంగిపోయి, నిజంగానే వీపు నొప్పి ఉన్నవాడిలా నడిచాడు. గొట్టం వంటింటి బల్ల మీద పెట్టాను. దాన్ని ఇంకెక్కడ పెట్టాలో తెలియలేదు.

మార్చి 16

షాపుకు వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదన్నాను.

అతనన్న మాట మధ్యాహ్నం అర్థమైంది. పాత డిస్కు తీసి, పోయిన చలికాలం ఫోటోలు తెరిచాను. అప్పట్లో ఏరే పని అతనిది. 'చెత్త' అక్కడా ఉంది. తెరిచాను. ఆక్సిజన్. రాత్రి తర్వాత రాత్రి ఆక్సిజన్. ఒక్క నక్షత్రం సాగలేదు. "చాలలేదే, వచ్చే ఏడాది చూద్దాం," అని అతను నాతో అన్న రోజుకే, కావలసినంత ఆక్సిజన్ అందులో పడి ఉంది.

అంటే బొమ్మ ఏడాది కిందటే పూర్తయింది.

అంటే అతనికి వెళ్ళాలని లేదు. అప్పటికే ఇలోనా ఉంది. అయినా నాతో ఇంకొన్ని సాయంత్రాలు కూర్చోవాలని ఒక్కో ఫోటో తీసి చెత్తలో పడేశాడు. నాలాగే. అచ్చం నాలాగే! వెళ్ళాలని ఉన్నవాడు ఎవడైనా అలా చేస్తాడా? నేను అతన్ని వెళ్ళగొట్టాను నిన్న. మాట పూర్తిగా చెప్పనివ్వకుండా వెళ్ళగొట్టాను.

ఎల్లుండికి సెలవు పెట్టాను. తల కడుక్కున్నాను. ఆకుపచ్చ కోటు ఇస్త్రీ చేశాను.

మార్చి 18

డెల్ఫ్ట్‌కు సైకిల్ మీద వెళ్ళాను. అతను పనిచేసే ఆఫీసు ఎదురుగా కాలవ గట్టు మీద బెంచీ ఉంది, మధ్యాహ్నం అక్కడే తింటాడు. ఎప్పుడూ చీజు రొట్టే. నన్ను చూసి డబ్బా మూత పెట్టేశాడు.

"పాత డిస్కు చూశాను," అన్నాను.

"చూస్తావనుకున్నాను."

"చెప్పొచ్చుగా వౌటర్. వెళ్ళాలని లేదని ఒక్క మాట చెప్పొచ్చుగా. నేనేమన్నా తినేస్తానా?"

ఒక పడవ వెళ్ళింది. దాని అల గట్టుకు తగిలాక చెప్పాడు.

"బొమ్మ పూర్తయ్యాక చెప్దామనుకున్నాను ఇలోనా సంగతి. మధ్యలో చెప్తే నీకు బొమ్మ కూడా పోతుందని. పోయిన ఏడాది జనవరికల్లా అయిపోవస్తోంది. భయమేసింది. అయిపోతే చెప్పాలి కదా. అందుకని తీసి పడేశాను. ఒక వారం దొరికింది. మళ్ళీ తీసి పడేశాను. అలా వసంతం దాకా. ఆ తర్వాత వచ్చే ఏడాది చూద్దామంటూ ఆగస్టు దాకా నెట్టాను. చివరికి నీకు ఎవరి నోటో తెలిసింది."

"అంటే నీకు వెళ్ళాలని లేదు."

"వెళ్ళాలని ఉంది ఫెన్నా. చెప్పే ధైర్యం లేదు." నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "దాన్ని ప్రేమ అనుకోకు, నీకు దండం పెడతాను. అది పిరికితనం. ఉత్త పిరికితనం. నువ్వు చేసింది అది కాదు. నాకు తెలుసు, నీది వేరు. అందుకే జనవరి నుంచీ నాకు నోరు పెగల్లేదు."

ఇస్త్రీ చేసుకున్న కోటు వేసుకుని ఆ గట్టు మీద నిలబడ్డాను. ఆ కోటు వేసుకొచ్చినందుకే నాకు ఎక్కువ సిగ్గేసింది.

"రొట్టె తిను," అన్నాను. "టైమైపోతుంది."

ఇంటిదాకా ఎదురుగాలి. ఏడుస్తూ తొక్కితే కూడా సైకిల్ మామూలుగానే వెళ్తుంది.

మార్చి 19

మబ్బు. ఫోన్ చెయ్యక్కర్లేదు.

మార్చి 22

గొట్టం ఇంకా బల్ల మీదే ఉంది. దాని పక్కన కూర్చుని తింటున్నాను.

మార్చి 29

ఆదివారం. వాన. పొద్దున్న కంప్యూటర్ తెరిచి రెండు చెత్త ఫోల్డర్లూ ఖాళీ చేద్దామనుకున్నాను. చెయ్యి ఆ మీట మీదే ఉంది. చెయ్యలేదు. అన్నీ బయటికి తీశాను. అతను పారేసినవీ, నేను పారేసినవీ. అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చమని కంప్యూటర్‌కు చెప్పి, బట్టలు ఉతుక్కున్నాను.

సాయంత్రానికి ఆక్సిజన్ వచ్చింది.

మూడేళ్ళు నేను చూసిన జెల్లీఫిష్ ఉత్త తలకాయ, కొన్ని దారాలు. ఇప్పుడు దాని చుట్టూ సన్నటి నీలం పొర ఉంది. కుడివైపు అంచు దాటి బయటికి కూడా పాకింది. అక్కడేదో ఉందని మాకెప్పుడూ తెలియదు. సల్ఫర్ ఎరుపు, హైడ్రోజన్ ఆకుపచ్చ కలిసి బంగారం రంగు తేలాయి. దాని మీద ఈ నీలం. మేం తీసిన వాటిలో ఇంత మంచిది లేదు. ఇంత బాగా వచ్చినందుకు నాకు కోపమొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. గొట్టం మీద తల పెట్టుకుని, ముక్కు కారేదాకా, గట్టిగా ఏడ్చాను. వాన చప్పుడుకి ట్రూస్‌కి వినబడి ఉండదు.

ఆ నీలంలో ఏది అతను పారేసిందో, ఏది నేను పారేసిందో ఇప్పుడు విడదియ్యలేం. మధ్యవర్తికి ఫోన్ చేసి చెప్పాలి, ఒకటి పంచడం మర్చిపోయారని.

ఏప్రిల్ 6

వౌటర్‌కు బొమ్మ పంపాను. కింద ఏమీ రాయలేదు. "చూశాను," అని జవాబు. ఒక గంట తర్వాత మళ్ళీ, "నీలం అంచు చూశావా, కుడివైపు?" అని. చూశాను అని రాయలేదు. చూడకుండా ఎలా ఉంటాను.

ఏప్రిల్ 16

క్లబ్బు గ్రూపులో పెట్టాను. అక్కడ ఒక పద్ధతి ఉంది. బొమ్మ కింద ఏ గొట్టం, ఏ స్టాండు, ఏ ఫిల్టర్లు, ఎంతసేపు, ఎవరు తీశారు అన్నీ రాయాలి. రాయకపోతే కీస్ ఊరుకోడు. రాశాను. ఎవరు తీశారు అన్న చోట రెండు పేర్లూ రాశాను. మధ్యలో ఖాళీ వదిలి, విడివిడిగా రాశాను.

అందరూ ఆహా ఓహో అన్నారు. కీస్ అందరికంటే ముందు. "వౌటర్‌ఫెన్నా! ఏం తల్లీ, ఎక్కడ దాచారు ఇంత ఆక్సిజన్! గోడ మధ్యలో చోటు మీదే. వౌటర్ వీపు ఎలా ఉంది? వచ్చే చలికాలం ఇద్దరూ కలిసి ఏది తీస్తున్నారు?"

దానికి జవాబు రాయడానికి సాయంత్రమంతా పట్టింది. రాసి చెరిపి, రాసి చెరిపి. ఒకసారి 'ఇంకా అనుకోలేదు' అని రాశాను. అది చూస్తే నాకే అసహ్యమేసింది. చివరికి ఇలా పంపాను.

"వీపు బాగానే ఉంది కీస్. అది అబద్ధం. వౌటరూ నేనూ ఆగస్టులో విడిపోయాం. ఇదే చివరిది. గొట్టం నా దగ్గరుంది. అమ్ముతానో లేదో ఇంకా తెలియదు."

పంపేసి ఫోన్ బోర్లా పెట్టాను. అది బల్ల మీద రెండుసార్లు వణికింది. కీసే అయ్యుంటాడు. రేపు మాట్లాడతాను.

కుర్చీలు రెండూ మడిచి షెడ్డులో పెట్టి వచ్చాను. షెడ్డులో చెమ్మేమీ లేదు. పైన ఆకాశం తేటగా ఉంది, చందమామ లేదు, గాలి లేదు.

పడుకుంటాను.